తడిదూదిలో చేపగుడ్లు

సోలాపూర్ పూర్వ భాగ్‌లో, దాజీపేట, సాఖర్‌పేట సందుల్లో పద్మశాలీలు తరాలుగా పత్తినూలుతో బతుకుతున్నారు. చద్దర్లు, టవళ్ళు వాళ్ళ పనితనానికి సాక్ష్యం. వాళ్ళ కొళాయిల్లోకి వచ్చే భీమ నది నీటికి ఎగువన, అదే పత్తితో ఇంకో పనితనం నడిచింది. దాని గురించి ఇక్కడివాళ్ళకు చెప్పాలనిపిస్తుంది.

అది మహసీర్ చేపను పెంచే పని. 1839లో సైక్స్ అనే సైనికాధికారి పూణె దగ్గర ములా-ముఠాలో దొరికిన ఒక మహసీర్ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ ఏరు భీమలో కలిసి ఉజనీ జలాశయానికి చేరుతుంది. సాల్మన్‌లా ఈ చేప సముద్రం నుంచి రాదు. అయినా వానకాలంలో ఏటికి ఎదురీది, రాళ్ళమీద నీళ్ళు పరుగెత్తే చోట గుడ్లు పెడుతుంది. ఆనకట్టలు, మురుగు ఆ చోట్లను మింగేశాయి.

1970ల్లో లోణావళాలోని వల్వణ్ సరస్సు దగ్గర, టాటా విద్యుత్ సంస్థ చేపల కేంద్రంలో, సి.వి. కులకర్ణి, ఎస్.ఎన్. ఓగలే ఈ చేపను పెంచే పనికి పూనుకున్నారు. సోలాపూర్‌లో మార్కండేయ రథం కదిలే శ్రావణమాసం ఆ పనికి అదును. పండిన ఆడచేప పొట్టను మెల్లగా నిమిరితే పసుపుపచ్చని గుడ్లు పళ్ళెంలోకి జారతాయి. పండనిదాన్ని నొక్కితే చేపకే చేటు, కాబట్టి అదును తెలిసిన వేళ్ళే కావాలి. మగచేప వీర్యాన్ని వాటిపై పిండి, ఈకతో కలుపుతారు. ఇవి మునిగే గుడ్లు. అందుకే లోతులేని పళ్ళేల్లో ఒకే వరుసగా పరిచి, పైన సన్నగా నీరు పారిస్తారు. తెల్లబడిన గుడ్డుకు బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది గనుక దాన్ని ఏరేస్తూ ఉండాలి. తెగిన పోగును వెతికి అతికే చేతికి ఈ ఓపిక తెలుసు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మూలల్లో తలలు దాచుకుని తోకలాడిస్తూ, పొట్టకింది సొనతోనే రోజులు గడుపుతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రయాణం సంగతి. ఎదుగుతున్న గుడ్లను నీళ్ళు లేకుండా, తడిదూది పొరల మధ్య సర్ది దూరాలకు పంపారు. బరువు లేదు, ఒలకడం లేదు. అంత తేలికైన ఉపాయం తట్టడానికి ఆ గుడ్డుకు ఏం కావాలో ఎంత దగ్గరగా చూసి ఉండాలి!

కానీ అదే సౌలభ్యం ఈ జాతిని తనది కాని నదులకూ చేర్చింది. కావేరిలో వదిలిన ఈ చేప పెరిగినకొద్దీ అక్కడి మూపురపు మహసీర్ తరిగిపోయిందని 2015లో పరిశోధకులు చూపించారు. ఇంత మంచి పనికి తగిన చోటు దాని సొంత నదే. భీమలోనే కలిసే ఇంద్రాయణిలో, దేహూ రేవు దగ్గర భక్తులు చేపను పట్టరు. అక్కడికి వచ్చే మురుగును ఎగువనే ఆపి, వానకాలంలో రాళ్ళమీద నీరు పారనిస్తే, అక్కడ వదిలే వల్వణ్ పిల్లలు తమ ఏట్లోనే గుడ్లు పెట్టగలవు.