యూరియా తూకం

జనగామలో మా ఇంటికి లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే ఇంటర్ పిల్లలు కెమిస్ట్రీ గైడు తెరిస్తే చాలు, నా చెయ్యి పెన్సిల్ కోసం తడుముకుంటుంది. మొన్న యూరియా తయారీ దగ్గర ఆగాను. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే యూరియా. అంతే రాసి ఉంది. తూకం వేశాం. అమ్మోనియా 34 గ్రాములు, కార్బన్ డయాక్సైడ్ 44, మొత్తం 78. వచ్చే యూరియా 60. మరి 18 ఎటు పోయింది?

"నీళ్లు సార్" అంది ఒకమ్మాయి. ఆ నీళ్లే గైడులో లేవు. మధ్యలో ఏర్పడే అమ్మోనియం కార్బమేటూ లేదు.

రామగుండం కర్మాగారం సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. మా లెక్కన అంత యూరియాకు 2,180 చిల్లర టన్నుల అమ్మోనియా కావాలి. సరిపోయింది! ల్యాబ్ లేకపోయినా ఇంతవరకు పట్టుకోవచ్చు.

"బొగ్గుతోనే గద సార్ చేసేది?" అన్నాడు భూపాలపల్లి పిల్లవాడు. వాళ్ల నాన్న సింగరేణిలో పనిచేస్తాడు. వాడి దగ్గరున్న పాత పుస్తకంలో అలాగే ఉంది. 1980లో మొదలైన పాత ఫ్యాక్టరీ బొగ్గుతోనే నడిచింది, 1999లో మూతపడింది. ఇప్పటిది సహజవాయువుతో నడుస్తోంది. అచ్చయిన నాటికి ఆ మాట నిజమే.

పెన్సిల్‌కు చిక్కనివి కథలు. 1828లో రసాయన శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్‌ను వేడిచేసి యూరియా చేశాడని ప్రతి పుస్తకమూ అంటుంది. ఆయన రాసుకున్నది వేరు: సిల్వర్ సయనేట్‌కు నవాసారం ద్రావణం కలిపాడు, లెడ్ సయనేట్‌కు అమ్మోనియా కలిపాడు. అమ్మోనియం సయనేట్ కోసం వెతికితే యూరియా దొరికింది. అమెరికాలో 1921 నుంచి వస్తున్న 'ఆర్గానిక్ సింథసీస్' సంపుటాల పద్ధతి నాకు అందుకే ముచ్చట: పంపిన తయారీని ఇంకో ల్యాబ్‌లో చేసి చూశాకే అచ్చువేస్తారు. మన గైడులకు అంత ఓపికెక్కడిది!

మహబూబాబాద్ దగ్గరి ఊరి పిల్ల మర్నాడు ఖాళీ బస్తా పట్టుకొచ్చింది. 2025 వానాకాలం యూరియా కొరతలో వాళ్ల నాన్న లైన్లో చెప్పులు పెట్టి సంపాదించిన 45 కిలోల బస్తా.

"సార్, నత్రజని 28ని 60తో భాగిస్తే 46.67 శాతం వస్తుంది. దీనిమీద నత్రజని 46 అనే ఉంది."

46కు తగ్గకూడదని నిబంధన అమ్మా, యూరియా వేడెక్కితే కొంత బయూరెట్‌గా మారుతుంది, అందులో నత్రజని తక్కువ అన్నాను. అందరూ గైడు మీద పడ్డారు.

బయూరెట్ అందులో లేదు.