తీరికకు ముందే పుట్టిన కథలు

“ఉద్యోగంలోంచి బయటపడిన తరువాత తీరికగా రాస్తాను.” మన కుటుంబాలలో ఈ మాట తరచూ వినవస్తుంది. ఉదయం షార్జా నుండి దుబాయికి, సాయంత్రం మళ్లీ షార్జాకు వాహనాల బారులలో గడిపేవారు ఆ మాట అంటే కాదనడం కష్టం. అయినా కాళీపట్నం రామారావుగారి రచనాజీవితం ఆ మాటను సందేహించమంటుంది.

1924లో జన్మించి, ‘కారా మాష్టారు’గా పేరొందిన ఆయన విశాఖపట్నంలో మూడు దశాబ్దాల పాటు బడిపంతులుగా పనిచేసి 1979లో విరమించారు. ‘యజ్ఞం’, ‘ఆర్తి’, ‘జీవధార’ వంటి ఉత్తమ కథలన్నీ ఆ ఉద్యోగకాలంలోనే వెలువడ్డాయి. నడుమ కొన్నేళ్లు మౌనంగా కూడా ఉన్నారు. బడి లేకుంటే ఇంకెన్నో కథలు రాసేవారని కొందరు చింతిస్తారు. కాని తీరిక దొరికిన తరువాత ఆయన రాసిన కథలు బహు స్వల్పం. కాబట్టి తీరిక ఒక్కటే కథను పుట్టించదు.

మరి ఉద్యోగం ఆయనకు ఏమిచ్చింది? ‘యజ్ఞం’ చదివితే నాకు తోచిన సమాధానం ఇది. జీతం ఇంటిని నడిపింది కనుక కథ ఇంటిని నడపవలసిన అవసరం లేకపోయింది. కథ పండేదాకా ఆయన వేచి ఉండగలిగారు.

ఆ కథలో సుందరపాలెం అనే ఊరు అభివృద్ధి చెందుతుంది. అదే కాలంలో అప్పల్రాముడు అప్పులపాలవుతాడు. షావుకారు గోపన్నకు అతడు బాకీ పడిన సంగతి పంచాయతీకి వస్తుంది. రచయిత ఎవరినీ రాక్షసునిగా చిత్రించలేదు. గోపన్నకూ తన కష్టాలున్నాయి; ఊరిపెద్ద శ్రీరాములు నాయుడు ధర్మానికి కట్టుబడినవాడే. ప్రతివారి వాదనా సబబుగానే వినిపిస్తుంది. చివరకు న్యాయంగా కనిపించే తీర్పే ఒక కుటుంబాన్ని కూలుస్తుంది. తన బిడ్డ పాలేరుగా బతకరాదని అప్పల్రాముని కుమారుడు సీతారాముడు ఆ పసివాని ప్రాణమే తీస్తాడు.

ఈ కథలో లోపం లేదనను. ఊరి చరిత్ర చెప్పే భాగం దీర్ఘమై, కొత్తగా తెలుగు నేర్చుకునేవారిని అలసటకు గురిచేస్తుంది. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రపు తరగతిలో తెలుగు నేర్చుకున్న నాకు ఆ పుటలు దాటడానికి వారాలు పట్టింది. కాని ఆ చరిత్రను తొలగిస్తే ముగింపు ఉత్త క్రౌర్యంగా మిగిలిపోతుంది. ఊరి బాగు ఎవరి శ్రమపై నిలిచిందో పాఠకుడు అంచెలంచెలుగా గ్రహించాలి. ఆ నిదానమే ఈ కథకు బలం.

నా పూర్వీకులు ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవారు. చేసే పనిని ముందే మరొకరికి రాసి ఇవ్వడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ వివరించలేదు. సిగ్గో, బాధో, మాటలు లేవు. సీతారాముని భయం చదివినప్పుడు ఆ మౌనానికి అర్థం తెలిసింది. అతడు చేసిన పనిని సమర్థించలేను. అతని భయాన్ని మాత్రం పరాయిదిగా చూడలేను.

విరమణానంతరం రామారావుగారు తమ పురస్కారాల సొమ్ము వెచ్చించి 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ స్థాపించారు. తమ కథలకే కాక, తెలుగు కథలన్నింటికీ నీడ కల్పించారు. 2021లో ఆయన గతించినా ఆ ఇల్లు నిలిచి ఉంది. దొరికిన తీరికను ఆయన ఇతరుల కథలకు అర్పించారు. తమ కథలను మాత్రం తీరిక లేని రోజులలోనే రాసుకున్నారు.

కనుక మన ఇళ్లలో ఎవరైనా పని ముగించుకుని వచ్చి, నెలకు ఒక్క పుట తెలుగు రాస్తే, “ఇంతేనా?” అనకండి. ఆ పుటలో ఏముందో చదివి చూడండి.