హస్తవాసికి కొలత

మన ఊళ్ళలో మంచి వైద్యుని గూర్చి చెప్పునపుడు ఆయన హస్తవాసి మంచిది అందురు. ఆ మాటలో సగము అదృష్టము, సగము నేర్పు కలిసి ఉన్నవి. ఏ పాలు ఎంతయో ఎవరును విడదీసి చూడరు. చదువును, డిగ్రీలను, ఏండ్ల అనుభవమును లెక్కింపవచ్చును గాని చేతి నేర్పును లెక్కించుట ఎట్లు? 2013 అక్టోబరులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అను అమెరికా వైద్యపత్రికలో జాన్ బర్క్‌మేయర్ అను సర్జనును ఆయన సహచరులును ప్రకటించిన పత్రము ఈ పనికి పూనుకొన్నది. సర్జనులకు ఉద్యోగములో చేరిన తరువాత ఇచ్చు శిక్షణను గూర్చి మాటలాడు ప్రతి సభలోను ఈ పత్రము ప్రస్తావనకు వచ్చుచున్నది. అది నిజముగ ఏమి నిరూపించినది, ఏమి నిరూపింపలేదు అనునది విచారింపదగినది.

ముందుగ ఆ శస్త్రచికిత్స స్వభావమును తెలిసికొనవలెను. అతిస్థూలకాయము గలవారికి జీర్ణాశయము పైభాగమును మాత్రము వేరుచేసి, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిగా చేయుదురు. చిన్నప్రేగును ఒకచోట కోసి, క్రింది కొనను తెచ్చి ఆ సంచికి అతికింతురు. మిగిలిన పైకొనను మరికొంత దిగువన ప్రేగునకే అతికింతురు. ఇట్లు అతుకులు రెండు. వీనిలో ఏ అతుకు కారినను, ఆహారము, జీర్ణరసములు ఉదరకుహరములో చేరి ప్రాణాపాయము తెచ్చును. దీనిని గ్యాస్ట్రిక్ బైపాస్ అందురు. అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో మొదలుపెట్టినపుడు పొట్టను పొడవుగా కోసియే చేసెడివారు. నాలుగైదు రంధ్రముల గుండ లాపరోస్కోపుతో చేయవచ్చునని కాలిఫోర్నియాలో విట్‌గ్రోవ్, క్లార్క్ అను వైద్యులు 1994లో ప్రకటించిరి.

రంధ్రముల పద్ధతి రోగికి సుఖము, సర్జనుకు కష్టము. పొట్టలోనికి బొగ్గుపులుసు వాయువును సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడితో నింపి లోపల చోటు కల్పింతురు. సర్జను రోగి పొట్టను గాక ఎదుటి తెరను చూచుచు పనిచేయును. సాధారణపు తెరపై లోతు కనబడదు. వ్రేళ్ళకు తెలియవలసిన మెత్తదనము, బిగువు పొడవైన కడ్డీల చివరనుండి పూర్తిగ అందవు. అన్నిటికంటె చిక్కైనది మరియొకటి. పరికరము పొట్టగోడలోని రంధ్రము వద్ద ఆనుకొని తిరుగును. ఏతము మాను ఒక ప్రక్క క్రిందికి దిగినపుడు రెండవ ప్రక్క పైకి లేచునట్లే, చేయి కుడికి కదిలిన కొన ఎడమకు కదులును. అద్దములో చూచుచు ఎడమచేతితో వ్రాయుటకు అలవాటుపడినట్లు, దీనికి కన్నును చేతిని క్రొత్తగా జత చేయవలెను. ఈ పద్ధతి నేర్చుకొనుటకు ఎన్ని ఆపరేషనులు పట్టునని పరిశీలించి ఫిలిప్ షావర్ బృందము 2003లో 100 అని తేల్చినది.

ఈ 100 అను సంఖ్యను సర్జనుల సభలో వినుట ఒకటి, రోగి మంచముపై పడుకొని వినుట మరియొకటి. ఎందుకనగా ఆ నూరుమందిలో ప్రతివారును మనుష్యులే. తక్కువ నేర్చిన చేతిక్రింద ఎవరు పడుకొనవలెను?

దీనికి ముందు ఒక చేదు అనుభవము గలదు. పిత్తాశయమును లాపరోస్కోపుతో తీసివేయుట 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే ప్రారంభించెను. 1990 ప్రాంతమున రోగులు స్వయముగ ఆ పద్ధతిని అడుగసాగిరి. అడిగినవారిని పోగొట్టుకొనుట ఇష్టములేని సర్జనులు శని, ఆదివారములలో జరుగు రెండు రోజుల తరగతికి పోయి, పందులపై కొన్ని ఆపరేషనులు చేసి, సోమవారము మనుష్యులపై మొదలుపెట్టిరి. పిత్తనాళము తెగిన సంఘటనలు పెరిగినవి. 1992లో న్యూయార్కు రాష్ట్రపు ఆరోగ్యశాఖ జోక్యము చేసికొని, మరియొకరి పర్యవేక్షణలో కొన్ని ఆపరేషనులు చేయనిదే ఒంటరిగా చేయరాదని నియమము పెట్టవలసి వచ్చినది. విద్య కొరత ఎట్టిదో అప్పుడు తెలిసినది. ఐనను కొలత మాత్రము అప్పటికిని దొరకలేదు. పర్యవేక్షణలో ఇన్ని చేసినాడు అని లెక్కింపవచ్చునే గాని, ఎట్లు చేసినాడు అని లెక్కించుట తెలియదు.

బర్క్‌మేయర్ పత్రము ఇక్కడ అడుగిడినది. మిచిగన్ రాష్ట్రములో స్థూలకాయ శస్త్రచికిత్స చేయు ఆసుపత్రులు ఒక సహకార సంఘముగ ఏర్పడి, ప్రతి రోగి వివరములను ఒకేచోట నమోదు చేయుచున్నవి. ఆ సంఘములోని సర్జనులలో 20 మంది స్వచ్ఛందముగ ముందుకువచ్చి, తాము చేసిన బైపాస్ ఆపరేషను వీడియో ఒక్కొక్కటి పంపిరి. పేరు, ఊరు తెలియకుండ ఆ వీడియోలను తోటి సర్జనులు చూచి, 1 నుండి 5 వరకు మార్కులు వేసిరి. ఒక్కొక్క వీడియోను కనీసము 10 మంది చూచిరి. శరీరభాగములను మృదువుగ పట్టుకొనుట, వృథా కదలికలు లేకుండుట, పరికరములను వాడు తీరు, పని ఆగకుండ సాగుట, కోయవలసిన చోటు చక్కగ కనబడునట్లు చేయుట వంటివి వారు పరిశీలించిన అంశములు. తరువాత 2006 నుండి 2012 వరకు ఆ సర్జనులు చేసిన 10,343 ఆపరేషనుల ఫలితములతో ఆ మార్కులను పోల్చిరి.

సగటు మార్కులు 2.6 నుండి 4.8 వరకు పరచుకొన్నవి. అందరును అర్హత పొందిన సర్జనులే, అందరును అదే ఆపరేషను చేయువారే. అడుగున ఉన్న పాతికవంతు వారి రోగులలో 14.5 శాతమునకు ఉపద్రవములు కలుగగా, పైనున్న పాతికవంతు వారి రోగులలో 5.2 శాతమునకు మాత్రమే కలిగినవి. మరణములు 0.26, 0.05 శాతములు. ఆపరేషనుకు పట్టిన కాలము 137, 98 నిమిషములు. మరల ఆపరేషను చేయవలసి వచ్చినవారు, ఇంటికి పోయి తిరిగి ఆసుపత్రిలో చేరినవారు కూడ అడుగువారి రోగులలోనే హెచ్చు. పరాయివారు కొద్దిసేపు వీడియో చూచి వేసిన మార్కు, రోగి క్షేమమును ఇంతగా సూచింపగలదని అంతకుముందు ఎవరును చూపియుండలేదు. ఇది ఈ పత్రము గొప్పతనము, సందేహము లేదు.

ఇక లోపములు. పాతికవంతు అనిన మాట వినుటకు పెద్దది. 20 మందిలో పాతికవంతు అనగా అయిదుగురు. అయిదుగురిని అయిదుగురితో పోల్చి శాతములు చెప్పుచున్నారని పాఠకుడు మరువరాదు. రోగులు పదివేలకు పైబడినమాట నిజమే, కాని ఇక్కడ పరీక్షింపబడినది రోగులు కాదు, సర్జనులు. ఒకే బావి నీటిని వేయిసార్లు పరీక్షించినను ఊరి బావులన్నిటి సంగతి తెలియదు గదా! మరణముల సంగతి మరింత సున్నితము. అడుగు పాతికవంతువారు తక్కువ ఆపరేషనులు చేసినవారు. మొత్తములో నాలుగవ వంతు రోగులు వారివే అనుకొన్నను 0.26 శాతము అనగా ఆరేడు మరణములకు మించదు. అట్టి చిన్న సంఖ్యలపై 'అయిదు రెట్లు' అను మాటను వేదికలపై చెప్పుట తొందరపాటు. ఉపద్రవముల అంకెలు దీనికంటె చాల గట్టివి, వానినే ఎత్తిచూపుట న్యాయము.

ఒక్క వీడియో చాలునా అను ఆక్షేపణ తరచుగ వినబడును. వీడియోను ఎన్నుకొన్నది సర్జనే. ఎవరైనను తమ మంచి పనినే పంపుదురు. అట్లు పంపినపుడు తేడాలు తగ్గవలెనే గాని పెరుగవు. తగ్గిన తరువాతకూడ ఇంత తేడా మిగిలినదన్నచో ఈ ఆక్షేపణ పత్రమును బలహీనపరచుటకు బదులు బలపరచుచున్నది. ముందుకు రాని సర్జనుల విషయము మాత్రము వేరు. తన వీడియోను పదిమందికి చూపుటకు జంకినవాని చేయి ఎట్లుండునో ఈ పత్రము చెప్పలేదు, చెప్పజాలదు.

అసలు చిక్కు కార్యకారణ సంబంధములో ఉన్నది. మార్కులు తక్కువ వచ్చినవారు ఆపరేషనులును తక్కువ చేసినవారు. నేర్పు లేకపోవుటచేత ఫలితము చెడినదా, పని తక్కువగుటచేత నేర్పును ఫలితమును రెండును చెడినవా? లేక చేతితోబాటు బుద్ధియు — అనగా ఎవరికి ఆపరేషను చేయవచ్చును, జ్వరము వచ్చిన రెండవనాడే మరల లోపల చూడవలెనా అను వివేకము — ఆ సర్జనులలో తక్కువయా? రచయితలు కొన్నిటిని గణితముతో సవరించిరి గాని, 20 మందితో వీనినన్నిటిని విడదీయుట ఏ గణితమునకును సాధ్యము కాదు.

విద్య దృష్టితో చూచిన, ఆ పత్రములో అన్నిటికంటె విలువగలది మరియొక చిన్న పరిశీలన. దానిని ఉదాహరించువారు తక్కువ. వృత్తిలో గడచిన ఏండ్లకును మార్కునకును సంబంధము కనబడలేదు. ప్రత్యేకమైన ఫెలోషిప్పు చేసినవారికిని చేయనివారికిని, బోధనాసుపత్రులలో పనిచేయువారికిని ఇతరులకును భేదము తేలలేదు. అనగా రోగి గోడమీద చూచి సంతృప్తిపడు సర్టిఫికెట్లు చేతి సంగతి చెప్పలేకపోయినవి. కేవలము అభ్యాసమునకు, లోపమును ఒకరు చూపుచుండగ చేయు అభ్యాసమునకు గల భేదమును ఆండర్స్ ఎరిక్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1993లోనే వివరించెను. పదిసంవత్సరములు ఒకే అపస్వరమును వాయించువాడు దానిని గట్టిపరచుకొనునే గాని దిద్దుకొనడు. మన వీణ గురువులకు ఇది క్రొత్త సంగతి కాదు. శిష్యుడు కచేరీలు చేయుచున్నను గురువు వినుచునే ఉండును. సర్జనుకు మాత్రము శిక్షణ ముగిసిననాడే వినువారు మాయమగుదురు. ఆపరేషను గదిలో ఆయనకు 'ఆ పట్టు సరికాదు' అని చెప్పగలవారు ఎవరు?

ఇట్టి స్థితిలో నిరంతర విద్య పేర జరుగుచున్నదేమి? మన దేశములో భారత వైద్యమండలి 2002లో చేసిన వృత్తి నియమావళి ప్రకారము ప్రతి వైద్యుడును ప్రతి అయిదు సంవత్సరములకు కనీసము 30 గంటలు ఇట్టి కార్యక్రమములలో పాల్గొనవలెను. ఉద్దేశము మంచిది. కాని కొలచునది హాజరును, నేర్పును కాదు. సభలో కూర్చున్న గంటయు, కృత్రిమ కణజాలముపై కుట్లు వేసిన గంటయు అక్కడ ఒక్కటే. డేవ్ డేవిస్ బృందము 14 పరిశోధనలను సమీక్షించి 1999లో తేల్చినదేమనగా, కేవలము ఉపన్యాసములు వినుట వలన వైద్యుల పనితీరు మారినట్లు కనబడలేదు, స్వయముగ చేయించి చర్చించు తరగతులు కొంత మార్చగలవు. ఉపన్యాస మందిరములు మాత్రము నిండుగనే ఉన్నవి.

బర్క్‌మేయర్ పత్రమును ఇచటనే జాగ్రత్తగ చదువవలెను. అది జ్వరమానిని ఇచ్చినది గాని మందును ఇవ్వలేదు. తక్కువ మార్కు వచ్చిన సర్జనుకు నేర్పినచో మార్కు పెరుగునా, మార్కు పెరిగినచో రోగులు బాగుపడుదురా అను రెండు మెట్లును అందులో లేవు. మొదటి మెట్టునకు కొంత ఆధారము తరువాత దొరికినది. టొరంటోలో 2015లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనలో, శిక్షణలో ఉన్న సర్జనులకు వారి వీడియోలనే చూపి, తప్పులు చర్చించి, తిరిగి చేయించిరి. బైపాస్‌లోని ప్రేగు అతుకును వేయుటలో వారు మామూలు శిక్షణ పొందినవారికంటె మెరుగైనారు. వారు విద్యార్థులు. నలుబదియేండ్లు దాటి, పేరు సంపాదించిన సర్జను తన వీడియోను ముందుపెట్టుకొని కూర్చుండునా అనునది వేరు ప్రశ్న. అతుల్ గవాండే తానే ఒక వృద్ధ సర్జనును ఆపరేషను గదికి పిలిపించుకొని తప్పులు చూపించుకొన్న వృత్తాంతమును 2011లో వ్రాసినపుడు అంత చర్చ జరుగుటకు కారణము, అట్టివారు అరుదుగ ఉండుటయే.

మిచిగన్ వారినే గూర్చి 2016లో వెలువడిన మరియొక పత్రమును దీనితో కలిపి చదువకపోయిన చిత్రము పూర్తికాదు. ఆ సర్జనుల రోగులనే ఒక సంవత్సరము తరువాత చూచిరి. తగ్గిన బరువులో, మధుమేహము మొదలైనవి నయమగుటలో మంచి మార్కులవారికిని తక్కువ మార్కులవారికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. చేతి నేర్పు రోగిని మొదటి నెల దాటించును. ఆపై ఫలితము వేరువాటిపై ఆధారపడును. ఈ రెండవ పత్రమునకు మొదటిదానికి వచ్చిన పేరులో పదవవంతు రాకపోవుట విచారకరము.

మనకు అది మరింత ముఖ్యము. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు శరీర ద్రవ్యరాశి సూచిక 40, ఇతర రోగములున్నచో 35 దాటినవారికి మాత్రమే ఈ చికిత్స అని చెప్పియుండగా, 2022లో అమెరికా సంఘమును అంతర్జాతీయ సంఘమును కలసి ఆ హద్దును తగ్గించినవి. ఆసియావారికి 27.5 నుండియే పరిశీలింపవచ్చుననిరి. హద్దు తగ్గిన కొలది రోగులు పెరుగుదురు, రోగులు పెరిగిన కొలది క్రొత్త సర్జనులు దిగుదురు. బైపాస్ చేయించుకొన్నవారికి ఇనుము, బి12 విటమిను లోపములు ఏర్పడును. మాంసాహారము ముట్టని ఇండ్లలో బి12 ముందే తక్కువ. ఆపరేషనైన కొన్ని వారములకు ఆగని వాంతులతో వచ్చిన రోగికి థయమిను ఇవ్వకుండ గ్లూకోజు ఎక్కించినచో మెదడునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. సంవత్సరముల తరువాత, బరువు బాగా తగ్గినవానికి, అతుకుల వెనుక ఏర్పడిన సందులో ప్రేగు దూరి మెలిపడవచ్చును. ఆ నొప్పితో అర్ధరాత్రి అతడు పోవునది నగరములో తనకు ఆపరేషను చేసిన సర్జను వద్దకు కాదు, దగ్గరలోని తాలూకా ఆసుపత్రికి. అచట డ్యూటీలో ఉన్న డాక్టరు, ఆ పొట్టపై ఉన్న అయిదు చిన్న మచ్చలను చూచి వాని అర్థమును గ్రహింపగలడా? ఆ డాక్టరును స్థూలకాయ శస్త్రచికిత్స తరగతికి పిలిచిన సంఘములు ఎన్ని?