దేశాల హద్దులు, జనాల హద్దులు: ఆంగ్ల స్లాంగు, పొడి అక్షరాల తులనాత్మక పరిశీలనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఆంగ్లం మాతృభాషగానో అధికారభాషగానో ఉన్న దేశాల నిత్యవ్యవహారంలో స్లాంగు, సంక్షిప్తరూపాలు వేరువేరుగా ఉంటాయన్నది తెలిసిన విషయమే. ఈ భేదాలను ‘బ్రిటిష్’, ‘అమెరికన్’, ‘ఆస్ట్రేలియన్’ అనే దేశనామాల కింద పట్టికలుగా కూర్చడం పాఠ్యపుస్తకాలలోనూ తరగతి గదులలోనూ పరిపాటి. సంస్థలకు సంబంధించిన పొడి అక్షరాల విషయంలో ఈ పద్ధతి చాలావరకు సమంజసమే. స్లాంగు విషయంలో మాత్రం అది మాట వెనుక ఉన్న జనసమూహాన్ని మరుగుపరుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆస్ట్రేలియన్ ఆంగ్లంలోని పదకుదింపులను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, నిఘంటువుల దేశముద్రలను, జాతిస్వభావ వివరణలను పరిశీలించి, తెలుగు అనువాదానికీ పదకోశ నిర్మాణానికీ ఇందులోని పాఠమేమిటో సూచిస్తుంది.

కీలకపదాలు: స్లాంగు, పొడి అక్షరాలు, పదకుదింపు, దేశముద్ర, నిఘంటువు, అనువాదం.

1. ఉపోద్ఘాతం

‘స్లాంగ్’ అనే మాటకు తెలుగులో అందరూ అంగీకరించిన పారిభాషికపదం లేదు. ‘మాండలికం’ ప్రధానంగా ప్రాంతాన్ని సూచిస్తుంది. ‘యాస’ పలికే తీరును చెబుతుంది. ‘గ్రామ్యం’ అన్నది వ్యాకర్తలు శిష్టభాషకు వెలిగా ఉంచిన రూపాలకు పెట్టిన పేరు. స్లాంగు ఈ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. ఒక వస్తువుకు అందరికీ తెలిసిన మామూలు మాట ఉండగానే, దాన్ని పక్కనపెట్టి, వినేవాడు తనవాడని తెలియజేయడానికో, కాదని తెలియజేయడానికో ఎంచుకొనే మాట స్లాంగు. అందుచేత దాని అర్థంలో సగం వస్తువులో ఉంటే, తక్కిన సగం మాట్లాడే ఇద్దరి సంబంధంలో ఉంటుంది. ఈ వ్యాసంలో ‘స్లాంగు’ అనే రూపాన్నే వాడుతున్నాను.

ఆంగ్ల స్లాంగుకు దీర్ఘమైన నిఘంటు చరిత్ర ఉంది. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో, జాన్ కామ్డెన్ హాటెన్ 1859లో, ఎరిక్ పార్ట్‌రిడ్జ్ 1937లో ప్రకటించిన కోశాలు ఇందులో మైలురాళ్లు. జోనథన్ గ్రీన్ 2010లో మూడు సంపుటాల బృహత్కోశాన్ని వెలువరించాడు. గ్రోస్, హాటెన్‌ల దృష్టి ప్రధానంగా లండన్ వీథుల మీద, దొంగల, బిచ్చగాళ్ల, బేరగాళ్ల మాటల మీద ఉంది. అంటే తొలినాటి కోశాలు మాటను దేశంతో గాక వృత్తితోనూ బతుకుతెరువుతోనూ ముడిపెట్టాయి. దేశాన్ని ప్రమాణంగా చేసుకొన్న చూపు బలపడింది తర్వాతి కాలంలో. హెచ్. ఎల్. మెంకెన్ 1919లో ‘ది అమెరికన్ లాంగ్వేజ్’ ద్వారా అమెరికన్ ఆంగ్లానికి ప్రత్యేక ప్రతిపత్తిని వాదించాడు. ఆస్ట్రేలియాలో 1981లో ‘మాక్వారీ డిక్షనరీ’, 1988లో ‘ఆస్ట్రేలియన్ నేషనల్ డిక్షనరీ’ వెలువడ్డాయి. ఒకప్పటి వలసదేశాలు తమ భాష లండన్ భాషకు చెడిన రూపం కాదని చాటుకోవడానికి ఈ కృషి అవసరమయింది. దాని విలువను తగ్గించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అయితే ఆ దేశముద్ర ఎక్కడిదాకా ఉపయోగపడుతుంది, ఎక్కడ అడ్డుపడుతుంది అన్నది పరిశీలించవలసి ఉంది.

2. పొడి అక్షరాలు: సంస్థల నీడలు

ముందుగా దేశముద్ర సరిగ్గా పనిచేసే చోటును చూద్దాం. ప్రమాదంలో గాయపడినవారిని చేర్చే ఆసుపత్రి విభాగాన్ని బ్రిటన్‌లో ‘ఏ అండ్ ఈ’ అంటారు. అమెరికాలో ‘ఈఆర్’ అంటారు. మన ఆసుపత్రులు పాత బ్రిటిష్ వాడుకైన ‘క్యాజువాలిటీ’ని నేటికీ నిలుపుకొన్నాయి. బ్రిటన్‌లో కారు ఏటేటా నెగ్గవలసిన యోగ్యతా పరీక్షను ‘ఎంఓటీ’ అంటారు. 1960లో ఆ పరీక్షను ప్రవేశపెట్టిన రవాణా మంత్రిత్వశాఖ పేరులోని తొలి అక్షరాలే అవి. ఆ శాఖ పేరు మారిపోయినా పరీక్ష పేరు మారలేదు. అమెరికా పౌరునికి ఈ మాట తెలియకపోవడానికి కారణం భాషాభేదం కాదు. ఆ పరీక్షను ఆ పేరుతో నడిపే సంస్థ అతని దేశంలో లేకపోవడం.

పొడి అక్షరాలు సంస్థలకు నీడల వంటివి. సంస్థను నెలకొల్పేది రాజ్యం గనుక, రాజ్యపు సరిహద్దు దగ్గరే ఆ నీడా ఆగుతుంది. ఒకే అక్షరాల జంట వేర్వేరు చోట్ల వేర్వేరు పనులు చేయడానికి కారణం కూడా ఇదే. ‘పీజీ’ అంటే అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ సినిమా చూసే పిల్లల విషయంలో పెద్దల మార్గదర్శనం మంచిదని సూచించే ధ్రువపత్రం. మన కళాశాలల్లో అది స్నాతకోత్తర విద్య. హైదరాబాదు వీథుల్లో అద్దెకు మంచమూ భోజనమూ దొరికే వసతిగృహం. ఈ అర్థాలను పట్టికగా రాసి విద్యార్థికి ఇస్తే సరిపోతుంది. ఇక్కడ తెలియవలసింది సమాచారమే తప్ప సంబంధం కాదు.

3. కుదింపు: ఒకే ప్రత్యయం, వేర్వేరు పనులు

స్లాంగులోని కుదింపుల దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ఆస్ట్రేలియాలో మధ్యాహ్నవేళను ‘ఆర్వో’ అంటారు. పెట్రోలు బంకు ‘సర్వో’. అంబులెన్సు సిబ్బంది ‘ఆంబో’. చెత్త ఎత్తే కార్మికుడు ‘గార్బో’. పని మధ్య విరామం ‘స్మోకో’. అమెరికన్ వాడుకలోనూ ‘లిమో’, ‘కాండో’ వంటి ఓకారాంతాలు ఉన్నాయి గదా, రెండింటికీ తేడా ఏమిటన్న ప్రశ్న రావచ్చు. ‘లిమజీన్’, ‘కాండొమీనియం’ అనే మూలపదాల వర్ణక్రమంలోనే ‘ఓ’ అనే అక్షరం ఉంది. అక్కడ జరిగింది కేవలం తోక కోయడం. ‘సర్వీస్’, ‘గార్బేజ్’ అనే పదాల్లో ఆ అక్షరం లేదు. ఆస్ట్రేలియన్ వ్యవహర్త కోసినచోట కొత్తగా ఒక ప్రత్యయాన్ని అతికించాడు.

అమెరికన్ వ్యవహారంలో ఈ ప్రత్యయాన్ని కొత్తగా అతికించిన మాటలు లేకపోలేదు. తాగుబోతును ‘వైనో’ అనీ, వింతమనిషిని ‘వియర్డో’ అనీ, వికృతబుద్ధి గలవాణ్ణి ‘సికో’ అనీ అంటారు. అక్కడ ప్రత్యయం తరచు మనిషిని కించపరుస్తుంది. ఆస్ట్రేలియాలో అదే ప్రత్యయం వృత్తికీ, వేళకూ, చోటుకూ చేరి, చాలాసార్లు ఏ నిందా లేకుండా నిలుస్తుంది. ‘ఆర్వో అంటే మధ్యాహ్నం’ అని రాసే పట్టిక ఈ తేడాను పట్టుకోలేదు. భేదం పదానిది కాదు. పదాన్ని కుదించే పద్ధతిదీ, ఆ కుదింపుకు సమాజమిచ్చే విలువదీ.

4. జాతిస్వభావ వివరణ: దాని బలం, పరిమితి

ఈ పద్ధతిని సంస్కృతితో ముడిపెట్టి వివరించినవారిలో భాషాశాస్త్రవేత్త అన్నా వియెర్జ్‌బిట్స్కా ముఖ్యురాలు. దోమను ‘మొజ్జీ’ అనీ, బహుమతిని ‘ప్రెజ్జీ’ అనీ పిలవడంలో పసితనపు ముద్దు లేదని ఆమె గుర్తించారు. వస్తువుకు అనవసరమైన గొప్పను ఇవ్వకపోవడం, భావాన్ని ఒలకబోయకుండానే స్నేహాన్ని చూపడం ఈ రూపాల్లో ఉన్నాయనీ, ఆస్ట్రేలియన్ల సామాజిక విలువలకు ఇవి అద్దం పడతాయనీ ఆమె వాదన. రూపాన్ని అర్థంతోనూ, అర్థాన్ని జీవనవిధానంతోనూ కలిపి చూడటం ఈ వాదనలోని బలం. పట్టికల దశను ఇది నిస్సందేహంగా దాటింది.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఈ రూపాలు ఆస్ట్రేలియాకే పరిమితం కావు. ఉత్తరాలు పంచేవాణ్ణి ‘పోస్టీ’ అనడం స్కాట్లాండులోనూ న్యూజిలాండులోనూ ఉంది. బ్రిటన్‌లో పందేలు కట్టించుకొనేవాడు ‘బుకీ’, చేతిరుమాలు ‘హ్యాంకీ’. ఆస్ట్రేలియాలో ఎక్కువగా వాడతారనవచ్చు గాని, ఆస్ట్రేలియా మనస్సు నుంచే పుట్టిందనలేము.

రెండవ చిక్కు మరింత లోతైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఐరోపా నుంచి ప్రాణాలు చేతబట్టుకొని వచ్చిన శరణార్థులను ఆస్ట్రేలియాలో ‘రెఫో’ అన్నారు. అది ఆదరంతో పిలిచిన పిలుపు కాదు. ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉన్న ఆదిమవాసులకు ఇదే పద్ధతిలో పెట్టిన పొట్టిపేరు నేడు తీవ్రమైన దూషణ. చెత్త ఎత్తే కార్మికుణ్ణి సాటివాడిగా చూపిన ప్రత్యయమే శరణార్థినీ ఆదిమవాసినీ వెలివేసింది. సమానత్వాన్ని జాతిస్వభావంగా చెప్పే వివరణ మొదటి జాబితాను చూపుతుంది. రెండవ జాబితాను వివరించలేదు. ప్రత్యయం చేస్తున్న పని స్నేహం కాదు, గీత గీయడం. గీతకు ఇవతల ఉన్నవాడికి అది చనువు, అవతల ఉన్నవాడికి అవమానం. ఆ గీత ఆస్ట్రేలియా తీరం వెంట లేదు. ఆస్ట్రేలియా లోపల ఉంది.

5. దేశముద్ర దాచేది

దేశముద్ర కాలాన్ని కూడా దాస్తుంది. ‘సాకర్’ అనే మాటను నేటి బ్రిటిష్ అభిమానులు అమెరికనిజంగా ఈసడిస్తారు. కాని అది 19వ శతాబ్ది చివరి దశకాల్లో ఇంగ్లండులోనే పుట్టింది. ‘అసోసియేషన్’ అనే మాట నడుమనుంచి ఒక ముక్క తీసి, ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులకు ఇష్టమైన ప్రత్యయాన్ని తగిలించగా ఏర్పడిన రూపమది. ‘ఓఎంజీ’ని అమెరికన్ కుర్రకారు సరుకుగా భావిస్తారు, 1917లో బ్రిటిష్ నౌకాధిపతి ఫిషర్ చర్చిల్‌కు రాసిన లేఖలో అది కనిపిస్తుంది. ‘ఓకే’ మాత్రం అమెరికాదే. 1839లో బోస్టన్ పత్రికలో అక్షరదోషాన్ని కావాలని ఎగతాళిగా వాడిన సందర్భంలో పుట్టిందని అలెన్ వాకర్ రీడ్ 1960లలో నిరూపించాడు. దానికిప్పుడు దేశమే లేదు.

ఇంతకన్న ముఖ్యంగా, దేశముద్ర కర్తను దాస్తుంది. ‘అమెరికన్ స్లాంగు’గా లోకమంతా వాడే మాటల్లో గణనీయమైన భాగం ఆఫ్రికన్ అమెరికన్ల వ్యవహారం నుంచి వచ్చింది. ‘కూల్’ నేటి అర్థంతో వ్యాపించడానికి జాజ్ సంగీతకారుల వాడుక ప్రధాన కారణం. ‘వోక్’ అన్నది వివక్షపట్ల మెలకువగా ఉండమని నల్లజాతివారు తమలో తాము చెప్పుకొన్న హెచ్చరిక; అదే మాట నేడు ఇతరుల నోట ఎద్దేవాగా మారింది. లండన్ యువత పలకరింపు ‘వాగ్వాన్’ జమైకా నుంచి వచ్చినవారి భాషాసంపద. దాన్ని ‘బ్రిటిష్ స్లాంగు’ అని మాత్రమే రాస్తే, 1948 తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చి బ్రిటన్ నగరాల్లో వివక్షను ఎదుర్కొన్న జనం ఆ వాక్యంలోంచి మాయమవుతారు. మాటను తీసుకొని మనిషిని వదిలేయడం వివరణ కాదు, స్వాధీనం చేసుకోవడమే.

6. తెలుగు అనువాదం, తెలుగు కోశాలు

ఈ చర్చ తెలుగు పరిశోధకులకు రెండు చోట్ల పనికివస్తుంది. మొదటిది అనువాదం. ఆంగ్ల నవలలోని స్లాంగును తెలుగులో మాండలికంతో పూరించడం సులువుగా తోచే మార్గం. కాని సిడ్నీ కార్మికుని ‘ఆర్వో’ను ‘పొద్దుమీకి’ అనగానే అతడు కరీంనగరం చేరుకొంటాడు. చనువును చెప్పవలసిన చోట ప్రాంతాన్ని చెప్పినట్టవుతుంది. తెలుగులో చనువూ తిరస్కారమూ సామాన్యనామాల కన్న పిలుపుల్లో ఎక్కువగా వ్యక్తమవుతాయి. ‘గురూ’, ‘బాసూ’ అనే సంబోధనలు ఇందుకు ఉదాహరణలు. ఆస్ట్రేలియన్ ‘మేట్’ ఒకచోట స్నేహం, మరొకచోట బెదిరింపు. ‘ఏం బాసూ’ అనే పిలుపుకూ గొంతును బట్టి ఆ రెండూ సాధ్యమే.

‘గాడు’ అనే ప్రత్యయం ఇంకా దగ్గరి పోలిక. స్నేహితుని నోట ‘సుబ్బిగాడు’ ప్రేమ. అదే మాటను భూస్వామి తన పాలేరు గురించి అంటే అది అధికారం. వయసులో పెద్దవాడైన పాలేరును కూడా అలా పిలవగలగడం కులవ్యవస్థ ఇచ్చిన అలుసు. దీన్ని చూసి ‘తెలుగువారు చనువు గల జాతి’ అని ఎవరైనా సిద్ధాంతీకరిస్తే మనం ఒప్పుకోము. ఎవరు, ఎవరిని, ఏ బలంతో పిలిచారని అడుగుతాం. ఆ ప్రశ్ననే ‘గార్బో’ విషయంలోనూ ‘రెఫో’ విషయంలోనూ అడగాలి.

రెండవది పదకోశ నిర్మాణం. బ్రిటన్‌లో వెలువడిన నిఘంటువులలో చాలాకాలం అమెరికన్, ఆస్ట్రేలియన్ ప్రయోగాలకు ముద్ర ఉండేది, బ్రిటిష్ ప్రయోగానికి ఉండేది కాదు. ముద్ర లేనిది భాష, ముద్ర ఉన్నది తేడా అన్న భావం అలా పాదుకొంది. తెలుగులోనూ కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల మాట ఏ ముద్రా లేకుండా ‘తెలుగు’గా చెలామణి కాగా, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలకు ‘మాండలికం’ అన్న చీటీ అంటింది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మొదలైన మాండలిక వృత్తిపదకోశాల ప్రణాళిక ప్రాంతంతోపాటు వృత్తిని కూడా ప్రమాణంగా తీసుకొని వేరొక దారి చూపింది. నేటి నగర యువత స్లాంగును నమోదు చేసేవారికి ఆ దారి ఆదర్శం కావాలి. మాట పక్కన జిల్లా పేరు ఒక్కటే చాలదు. ఏ వృత్తివారిది, ఏ వయసువారిది, ఎవరితో అన్నప్పుడు చనువు, ఎవరితో అన్నప్పుడు అవమానం అన్న వివరాలూ ఉండాలి.

ముగింపు

ఆంగ్లభాషా దేశాల నిత్యవ్యవహార భేదాలను ఒకే పట్టికలో పెట్టడం రెండు వేర్వేరు విషయాలను కలగలపడమే. పొడి అక్షరాలు చాలావరకు సంస్థలను, సంస్థల ద్వారా దేశపు సరిహద్దులను అనుసరిస్తాయి. వాటికి పట్టిక సరిపోతుంది. స్లాంగు జనసమూహాల మధ్యనున్న గీతలను అనుసరిస్తుంది. ఆ గీతలు దేశాల లోపలే ఉంటాయి, ఒక్కొక్కప్పుడు దేశాలను దాటి సాగుతాయి. దేశముద్రను పూర్తిగా తుడిచివేయనక్కరలేదు. అది పరిశీలనకు మొదటి మెట్టుగా ఉండవచ్చు, చివరి మెట్టు కారాదు. ‘ఇది ఏ దేశపు మాట’ అన్న ప్రశ్నకు జవాబు దొరికిన తర్వాత ‘ఇది ఎవరి మాట, ఎవరి మీద వాడిన మాట’ అన్న ప్రశ్న వేయడం విమర్శకుని బాధ్యత. తరగతి గదిలో ఈ రెండవ ప్రశ్న వేసిన అధ్యాపకుడు విద్యార్థికి ఆంగ్లపు మాటతోపాటు తన తెలుగును వినే చెవిని కూడా ఇచ్చినవాడవుతాడు.