కాగితం ఎవరి చేతిలో ఉంది?

చిల్కూరు బాలాజీ గుడిలో మొక్కు తీర్చుకునేవాళ్లు 108 ప్రదక్షిణలు చేస్తారు. ఒకటి నుంచి 108 దాకా అంకెలు అచ్చేసిన కార్డు, ఒక పెన్ను చేతిలో పట్టుకుని, చుట్టు పూర్తవగానే ఒక అంకె కొట్టేసుకుంటారు. ఆ కార్డును తనిఖీ చేసే అధికారి లేడు, దాని మీద పైకి పోయే నివేదికా లేదు. లెక్క తప్పితే నష్టపోయే మనిషి చేతిలోనే లెక్క ఉంది. ఆ గుడి చుట్టుపక్కల మొయినాబాద్, చేవెళ్ల మండలాల పల్లెల్లో ఉపాధి హామీ పనికి పోయే కూలీ సంగతి దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ఆమె ఎన్ని రోజులు వచ్చింది, ఎంత మట్టి తీసింది, ఎంత రావాలి అన్నది కంప్యూటర్‌కు తెలుసు, మండల ఆఫీసుకు తెలుసు, ఢిల్లీకీ తెలుసు. ఆమె పేరున ఉన్న జాబ్ కార్డులో మాత్రం గళ్లు తరచూ ఖాళీగానే ఉంటాయి. కార్మిక పథకాల్లో కాగితాల భారం ఎక్కువైందని ప్రభుత్వాలు అప్పుడప్పుడూ సమీక్షలు జరుపుతాయి. ఎన్ని రిజిస్టర్లు తగ్గాయో గొప్పగా చెబుతాయి. మిగిలినవి ఎవరి దగ్గర ఉన్నాయన్న ప్రశ్న ఆ సమీక్షల్లో వినిపించదు. అసలు అడగాల్సింది అదేనని నా వాదన.

తగ్గించడం తప్పని అనడం లేదు. 2017లో కేంద్ర కార్మిక శాఖ తొమ్మిది చట్టాల కింద యజమానులు నిర్వహించాల్సిన 56 రిజిస్టర్లను ఐదుకు కుదించింది. అంతకు కాస్త ముందే గ్రామీణాభివృద్ధి శాఖ, ఉపాధి హామీ కింద పంచాయతీల్లో సగటున 22 దాకా ఉన్న రిజిస్టర్లను ఏడు చేసింది. జాబ్ కార్డులకొకటి, గ్రామసభకొకటి, పని అడగడం, కేటాయించడం, కూలి చెల్లించడం కలిపి ఒకటి, పనులకు, ఆస్తులకు, ఫిర్యాదులకు, సామగ్రికి తలా ఒకటి. మంచి పనే. ఒకే పేరును పది చోట్ల రాయడంలో పారదర్శకత ఏమీ లేదు, చేతినొప్పి తప్ప. అయితే బీరువాలో పుస్తకాలు తగ్గిన కొన్నేళ్లకే ఫోన్లలో కొత్త దస్త్రాలు పుట్టుకొచ్చాయి. 2021 మేలో వచ్చిన ఎన్‌ఎంఎంఎస్ హాజరు యాప్ 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులకు తప్ప అన్నిటికీ తప్పనిసరైంది. ఆధార్ ఆధారిత చెల్లింపు 2024 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. వీటిని కాగితం భారం కింద ఎవరూ లెక్కేయరు, కాగితం కనబడదు కనుక. మోసే మనిషికి మాత్రం బరువు తెలుస్తూనే ఉంటుంది.

ఆ యాప్ పనితీరును కొంచెం దగ్గరగా చూడాలి. పొద్దున హాజరు వేసి ఒక ఫొటో, నాలుగు గంటలు దాటాక ఇంకో ఫొటో, రెంటికీ సమయం, స్థలం ముద్ర పడాలి. మన దగ్గర ఉపాధి కూలి ఎక్కువగా కొలత మీద వస్తుంది. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీశారో టెక్నికల్ అసిస్టెంట్ కొలిచి ఎం-బుక్కులో, అంటే కొలత పుస్తకంలో, ఎక్కిస్తే దాని మీద డబ్బు పడుతుంది. ఎండాకాలంలో తెల్లారగానే గడ్డపార పట్టి ఎండ ముదరకముందే కొలత పూర్తిచేసిన జట్టు, ఇక రెండో ఫొటో కోసం చెట్టుకింద కూర్చోవాలి. సిగ్నల్ లేకపోతే ఫొటో ఎక్కదు, చేసిన పనికే ఎసరొస్తుంది. గుంత కళ్లెదుట ఉంది, కొలత పుస్తకంలో ఉంది, అయినా ఫొటోదే పైచేయి. పోనీ దొంగతనమన్నా ఆగిందా? ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. దానికి కనిపెట్టిన మందు, పంచాయతీలో ప్రతి ఫొటోనూ ఒక మనిషి కూర్చుని సరిచూడటం. కాగితం తగ్గించడానికి తెచ్చిన యంత్రానికి కాపలాగా కొత్త గుమాస్తాగిరీ మొదలైందన్నమాట.

దొంగ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు, ఉండేవి కదా, పైనుంచి నిఘా లేకపోతే ఎలా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మస్టర్లలో చనిపోయినవాళ్లూ వలసపోయినవాళ్లూ పనిచేసిన కథలు మనకు కొత్త కాదు. వాటిని బయటపెట్టిన పద్ధతి కూడా మన దగ్గరే ఎదిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి నడిచిన సామాజిక తనిఖీ, 2009లో దానికోసమే ఏర్పడిన స్వతంత్ర సంస్థ దేశానికి నమూనా అయ్యాయి. తనిఖీ బృందం మస్టరు ప్రతి పట్టుకుని ఇంటింటికీ పోతుంది. ‘ఈ వారం ఆరు రోజులు చేసినట్టుంది, నిజమేనా?’ అని అడుగుతుంది, జాబ్ కార్డు, పాస్‌బుక్కు చూస్తుంది, తేడాలను గ్రామసభలో చదివి వినిపిస్తుంది. కూలీ దగ్గర ఒక కాగితం, ఆఫీసు దగ్గర ఒక కాగితం ఉంటేనే రెంటినీ పక్కపక్కన పెట్టగలం. జాబ్ కార్డు ఖాళీగా ఉంటే తనిఖీకి మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. నిఘా వద్దనడం లేదు, నిఘాకు కావాల్సిన సగం సాక్ష్యాన్ని కూలీ చేతిలోంచి మనమే తీసేస్తున్నామంటున్నాను.

నివేదిక పైకి మాత్రమే పోతే ఏమవుతుందో కూలి ఆలస్యం కేసులో తేలింది. మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో డబ్బు రావాలి, ఆ గడువు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. కంప్యూటర్ మాత్రం రాష్ట్రం చెల్లింపు ఆదేశం పుట్టించేదాకానే ఆలస్యాన్ని లెక్కించేది. ఆ తర్వాత కేంద్రం దగ్గర ఎన్నాళ్లు ఆగినా లెక్కలోకి రాదు. కాబట్టి నివేదికల్లో చెల్లింపులు చక్కగా సకాలంలో జరిగినట్టు కనబడేవి. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మేలో సుప్రీంకోర్టు ఈ లెక్కను ఒప్పుకోలేదు, డబ్బు కూలీ ఖాతాలో పడేదాకా ఆలస్యమేనని చెప్పింది. కూలీ పాస్‌బుక్కులో ఎప్పుడూ ఉన్న సంగతే అది.

అన్నిటికన్నా చిన్న కాగితం, ఆఫీసును అన్నిటికన్నా భయపెట్టే కాగితం ఇంకోటుంది. పని అడిగినప్పుడు ఇవ్వాల్సిన తేదీ వేసిన రసీదు. పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం అంటుంది. రసీదు లేదంటే పని అడిగినట్టే లేదు, అడగనివాళ్లకు భృతి లేదు. చదువురాని కూలీకి రసీదెందుకు అనేవాళ్లుంటారు. రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్కు ట్రంకుపెట్టెలో భద్రంగా దాచుకునేది చదువొచ్చినవాళ్లేనా? ఊళ్లో ఈ రాతపని చూసే ఫీల్డ్ అసిస్టెంట్ మీద బరువు పెరుగుతుందన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. 2020లో సమ్మె చేసినందుకు తెలంగాణ ప్రభుత్వం ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేసి, 2022లో తిరిగి తీసుకునేదాకా ఆ పని పంచాయతీ కార్యదర్శుల నెత్తిన పడింది. రాసే మనిషి కష్టం నిజం. అందుకే రెండో ఫొటో తీసేయండి, ఆ సమయం రసీదుకూ జాబ్ కార్డు నింపడానికీ ఇవ్వండి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో 125 రోజుల పని పేరుతో కొత్త చట్టం చేసింది. అందులోనూ బయోమెట్రిక్, జీపీఎస్, డ్యాష్‌బోర్డుల మాటే గట్టిగా వినిపిస్తోంది. ఫారాలూ రిజిస్టర్లూ మళ్లీ రాయక తప్పదు కాబట్టి ఈ సంగతి తేల్చుకోవాల్సిన సమయం ఇదే. మొదట్లో చెప్పిన చేవెళ్ల, మొయినాబాద్ ఇప్పుడు మున్సిపాలిటీలయ్యాయి, వాటిలో కలిసిన ఊళ్లకు గ్రామీణ ఉపాధి చట్టమే వర్తించదు. మిగిలిన పంచాయతీల్లో పని అడిగేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. తేదీ వేసిన రసీదు తీసుకోకుండా కదలకండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న మాటను ఫిర్యాదుల రిజిస్టర్లో రాయించండి. కుదించిన ఏడింటిలో అదింకా ఉంది.