కుర్చీ మారిన ఏడాది

ఏళ్ల తరబడి పాఠం చెప్పిన స్కూల్ అసిస్టెంటు ప్రమోషన్ మీద జిల్లా పరిషత్ హైస్కూలుకు హెడ్మాస్టర్‌గా వెళ్తే, చార్జి తీసుకున్న పూటే జీతాలు డ్రా చేసి పంచే అధికారి, అంటే డీడీవో బాధ్యతా మీద పడుతుంది. స్టాఫు జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లలో ఎంట్రీలు, ట్రెజరీ అభ్యంతరాలకు జవాబులు. బీఈడీలో ఇవేవీ నేర్పరు. జూనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీగా ఉన్న బడి అయితే ఇక చెప్పనక్కర్లేదు. హెడ్మాస్టర్ కుర్చీలో నాకిది మొదటి ఏడాది.

పని ఎక్కువైందని నా బాధ కాదు. ఏ పని ముందు చేయాలో మన చేతుల్లో ఉండటం లేదు. ప్రార్థన అవగానే హాజరు యాప్‌లో ఎక్కాలి, ఆ వెంటనే మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కాలి. బడి వివరాలు ఎక్కించే యూడైస్ పోర్టల్‌లో ఏదో గడి ఖాళీగా ఉందని మండలం ఆఫీసు నుంచి ఫోను. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడబలుక్కుని చదవడం కూడా రాకపోతే మాత్రం ఏ ఆఫీసూ ఫోను చేసి అడగదు.

అలాగని కాగితాలన్నీ దండగ అనను. పదో తరగతి పరీక్షకు పంపే పిల్లల వివరాల జాబితాలు, నామినల్ రోల్స్ ఉన్నాయి చూశారా, వాటిని నేనే కూర్చుని సరిచూస్తాను. మార్కుల మెమో మీద పడే పేరూ, పుట్టిన తేదీ బతుకంతా వెంట వస్తాయి. మొన్న ఒకావిడ కూలి మానుకుని వచ్చింది. కూతురి పేరులోని ‘లక్ష్మి’ అడ్మిషన్ రిజిస్టర్లో ఎక్స్‌తో ఉంది, ఆధార్‌లో కేఎస్‌హెచ్‌తో ఉంది. “ఏది ఉంచమంటారు మేడమ్, రేపు ఉద్యోగానికి అడ్డం రాదుగా?” అంది. అక్షరం అక్షరం ఆమెకు చదివి వినిపించాకే సంతకం పెట్టాను.

పదో తరగతి సాంఘికం ఇప్పటికీ నేనే చెబుతున్నాను. వారంలో కొన్ని పీరియడ్లు తోటి టీచర్ల క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుంటాను. మొదట్లో తనిఖీ అనుకుని బిగుసుకుపోయారు. ఒక గదిలో వెనక కూర్చుంటే, ముందువాళ్ల తలలు అడ్డొచ్చి బోర్డు మీద కింది వరుసలు కనిపించలేదు. ఆ బెంచీ పిల్లలు నోట్సు సగంలో ఎందుకు వదిలేస్తున్నారో అప్పుడు తెలిసింది. మర్నాడే బోర్డు పైకి ఎత్తించాం. ఆఫీసు గదిలో కూర్చుంటే ఇది నాకు తెలిసేదే కాదు.

కొత్త హెడ్మాస్టర్లను చార్జికి ముందే రెండు వారాలు అనుభవమున్న డీడీవో పక్కన కూర్చోబెట్టి బిల్లులు చేయించాలి. ఖాళీగా ఉన్న జూనియర్ అసిస్టెంటు పోస్టులు నింపాలి. అవి జరిగినా జరగకపోయినా, నా సాంఘికం పీరియడ్‌లో వచ్చే ఫోన్లు మాత్రం గంట కొట్టేదాకా ఆగాల్సిందే.