రెండు డబ్బాల వానపాములు

హెమింగ్వే 'ది సన్ ఆల్సో రైజెస్' (1926) గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా పాంప్లోనా ఎద్దుల దగ్గరికో, బ్రెట్ ఆష్లీ దగ్గరికో వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ నవలలో మళ్ళీ మళ్ళీ తెరవాలనిపించేది పన్నెండో అధ్యాయం. అందులోనూ చేపలు పట్టడం కన్నా, పట్టడానికి బయల్దేరేముందు గడిచే ఆ పొద్దుటి పూట.

జరిగేది చాలా తక్కువ. స్పెయిన్ కొండల్లో బుర్గేతే అనే ఊరు, వేసవి, అయినా చలి. జేక్ ముందు లేస్తాడు. సత్రం వెనక కొట్టంలో పలుగు వెతుక్కుని, వాగు ఒడ్డున తడినేల తవ్వి, రెండు పొగాకు డబ్బాల నిండా వానపాములు పోగుచేస్తాడు. మేకలు చూస్తుంటాయి. వంటింట్లో ఉన్న ఆవిడకి కాఫీ, దారిలోకి భోజనం పురమాయిస్తాడు. ఇంత పనీ అయ్యాక గానీ స్నేహితుడు బిల్ మంచం దిగడు. ఇద్దరు స్నేహితులు ప్రయాణమైతే ఒకడు ఏర్పాట్లు చేస్తాడు, రెండోవాడు కబుర్లు చెప్తాడు. ఇది ఎక్కడైనా అంతే కదా!

తెలుగులో ఈ అధ్యాయం చెప్పబోతే ఒక చిక్కు వస్తుంది. మనకి గాలం అంటే ఎర, ఎర అంటే వానపాము. కొన్నిచోట్ల ఎర్రలంటారు. కాబట్టి జేక్ మనకి వెంటనే అర్థమవుతాడు. బిల్ వాడేది 'ఫ్లై'. దాన్ని 'ఈగ' అంటే కథ చెడిపోతుంది. అది కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి, నీటిమీద వాలిన పురుగని ట్రౌట్ భ్రమపడేలా తయారుచేసిన బొమ్మ. దానికి బరువుండదు. విసిరేది నిజానికి దాన్ని కాదు, బరువైన దారాన్ని. ఫ్లై దాని చివర ఊరికే వెంటపోతుంది. బిల్ ఎంచుకునేది మెగింటీ అనే రకం, పసుపూ నలుపూ చారలతో తుమ్మెదలా ఉంటుంది. ఇదంతా చేతివాటం, ఓపిక, కొంత దర్జా కూడా ఉన్న వ్యవహారం. వానపాముతో పట్టేవాణ్ణి ఫ్లై వాళ్ళు కాస్త చిన్నచూపు చూస్తారు.

అందుకే విమర్శకులు ఇక్కడ ప్రతీక పట్టేశారు. యుద్ధంలో గాయపడి మగతనం కోల్పోయిన జేక్‌కి వానపాము, సంపూర్ణుడైన బిల్‌కి ఫ్లై అని. నాకిది మరీ సులువుగా దొరికిన చేపలా అనిపిస్తుంది. జేక్ కూర్చునేది ఆనకట్ట దగ్గర. అక్కడ నీళ్ళు నురగలు కక్కుతూ దూకుతుంటాయి. అలాంటిచోట బరువు కట్టి లోతుకి దింపే ఎరే పనికొస్తుంది, కాబట్టి అతను చేసింది తెలివైన పని. అలాగని ప్రతీక వాదం పూర్తిగా వట్టిదీ కాదు. మధ్యాహ్నం బిల్ పెద్ద చేపలతో వచ్చి నీవి చూపించమంటే, సర్దేశానని జేక్ తప్పించుకుంటాడు. ఆ చిన్న బిడియాన్ని హెమింగ్వే వివరించడు, వివరించకపోవడమే నాకు నచ్చుతుంది.

అసలు సంగతి ఫలహారం దగ్గరుంది. బిల్ వేళాకోళం చేస్తూ చేస్తూ జేక్ గాయం దాకా వచ్చేస్తాడు. వచ్చి ఆగిపోతాడు, నొప్పించానేమోనని. జేక్‌కేమో అతను ఆగకుండా అలా వాగుతూనే ఉండాలని ఉంటుంది. ఆ గాయం గురించి నవలలో బ్రెట్ దగ్గర మాట్లాడినప్పుడల్లా గుండె పిండినట్టుంటుంది. ఇక్కడ కాఫీ, రొట్టె మధ్య అది మామూలు మాటైపోతుంది. ఆ తర్వాతే బిల్, జేక్ అంటే తనకెంత ఇష్టమో చెప్తాడు, న్యూయార్క్‌లో అయితే ఈ మాట అనలేనని కూడా. సంచిలో రెండు సీసాల వైన్ పడతాయి, బీచ్ చెట్ల అడవిలోంచి నడక మొదలవుతుంది.

ఇంత హాయిలోనూ నాకు గుచ్చుకునేది ఒకటుంది. ఈ ఇద్దరి చనువుకి మూడోవాడి గైర్హాజరీ కావాలి. రాబర్ట్ కోన్ రాకుండా ఆగిపోయాడు కాబట్టే ఇంత కులాసా. అతని యూదుతనం మీద బిల్ విసిరే మాటలు ఈవేళ చదివితే రోత పుడుతుంది. పాత్ర మాటలే, రచయితవి కావు అనొచ్చు. కానీ కథనం ఆ మాటల్ని ఎక్కడా గట్టిగా అడ్డుకోదు. కోన్‌ని కూడా నదికి తీసుకెళ్ళి ఉంటే వీళ్ళ మంచితనం ఎంతసేపు నిలిచేదో!

ఇంకో సంగతి. హెమింగ్వే 1924లో ఇరాతి నదిలో బాగా చేపలు పట్టాడు. 1925లో స్నేహితులతో మళ్ళీ వెళ్ళేసరికి కలపవాళ్ళు నదిని పాడుచేసేశారు. నవల మొదలుపెట్టింది ఆ జూలైలోనే. అంటే కాగితం మీద అంత తేటగా పారే నది, రాసేనాటికి అక్కడ లేదు. అతను పాడైన నదిని వదిలేసి, ముందటేడు నదిని రాశాడు. మురికంతా పాంప్లోనాలో మనుషుల మధ్యకి తెచ్చిపెట్టాడనిపిస్తుంది నాకు.

అయిదు రోజులయ్యాక బయల్దేరేముందు, అక్కడ పరిచయమైన హ్యారిస్ అనే ఇంగ్లీషువాడు ఇద్దరికీ చెరో కవరు ఇస్తాడు. తన చేత్తో కట్టిన ఫ్లైలు, డజను. అంత గొప్పవేం కావని మొహమాటపడతాడు. వానపాముల జేక్‌కీ డజనే. వాటితో జేక్ చేపలు పట్టే దృశ్యం నవలలో లేదు. బస్సు వాళ్ళని పాంప్లోనాకి దింపేస్తుంది.